పాత బండి బేరం

అయిదుగురం హాయిగా కూర్చోవాలి, ఊరి నుంచి ధాన్యం బస్తాలూ రావాలి! రెండు కోరికలూ ఒక్క బండితో తీరాలంటే పికప్పే శరణ్యమన్నారు. శ్రీసిటీలో 2018లో తయారైన ఇసుజు వి-క్రాస్ ఒకటి బేరానికొచ్చింది. పొడవు సుమారు 5.3 మీటర్లు, మా సందు మలుపు తలుచుకుంటే గుండె గుభేలుమంది. అయినా చెప్పొద్దూ, ఆ నిగనిగ చూసి (తెలుగు మేష్టర్లకు అలంకారాల మోజు ఎక్కడికి పోతుంది?) ప్రావిడెంటు ఫండు సొమ్ము తీసి ఇవ్వబోయాను.

మా ఆవిడ ఆర్.సి. అడిగింది. అందులో అప్పిచ్చిన బ్యాంకు పేరు చెక్కుచెదరకుండా ఉంది!

"ఎప్పుడో తీర్చేశానమ్మా" అన్నాడు ఆసామి.

"అయితే బ్యాంకు వారి నో అబ్జెక్షన్ కాగితమూ, 35వ నంబరు ఫారమూ తీసుకురండి. ఆ తరువాతే అడ్వాన్సు."

పదిరోజులకు తెచ్చాడు. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాకనే సొమ్ము ఇవ్వనిచ్చింది. వెనక తొట్టిలో పిల్లల్ని ఎక్కించనని నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.