లండన్ నగరంలో దుకాణ వీధులు, వీధి మార్కెట్లు

ఒక నగరంలోని వ్యాపార స్థలాలను పరిశీలించేటప్పుడు అక్కడ ఏం అమ్ముతున్నారని మాత్రమే చూస్తే సరిపోదు. ఆ స్థలంపై హక్కు ఎవరిది, వ్యాపారి ఏ షరతుపై అక్కడ ఉన్నాడు అన్నవి కూడా మీరు గమనించాలి. ఈ దృష్టితో చూస్తే లండన్‌లో రెండు పద్ధతులు కనిపిస్తాయి.

అ) అద్దెపై నడిచే వీధులు

రీజెంట్ స్ట్రీట్‌ను 19వ శతాబ్దం తొలినాళ్లలో వాస్తుశిల్పి జాన్ నాష్ ప్రణాళిక ప్రకారం నిర్మించారు. ఆ వీధిలో అధిక భాగం రాచరికానికి చెందిన ఆస్తులను నిర్వహించే క్రౌన్ ఎస్టేట్ అజమాయిషీలో ఉంది. కాబట్టి అక్కడ ఏ తరహా దుకాణాలు ఉండాలన్నది చాలావరకు భూయజమాని నిర్ణయిస్తాడు. పక్కనే ఉన్న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 1909లో సెల్ఫ్రిడ్జెస్ అనే భారీ దుకాణం వెలిసింది. ఇలాంటి చోట పెద్ద పెట్టుబడి లేనివారు నిలవలేరు.

ఆ) లైసెన్సుపై నడిచే మార్కెట్లు

వీధి మార్కెట్లలో బండి లేదా బల్ల పెట్టుకోవడానికి సాధారణంగా స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఇస్తుంది. పెట్టుబడి తక్కువ కనుక కొత్తగా వలస వచ్చినవారికి ఇదే తొలి మెట్టు. తూర్పు లండన్‌లోని పెటికోట్ లేన్ ఆదివారం మార్కెట్‌గా పేరు పొందింది. అక్కడి యూదు వ్యాపారులకు శనివారం విశ్రాంతి దినం కావడం ఇందుకు ఒక ముఖ్య కారణం. దగ్గరలోని బ్రిక్ లేన్‌లో 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు కట్టుకున్న ప్రార్థనా మందిరం తరువాత మెథడిస్టు చర్చిగా, ఆపై యూదుల ప్రార్థనాలయంగా, 1976 నుంచి మసీదుగా మారింది. ఆ పేటకు ఏయే వలసలు వచ్చాయో ఈ ఒక్క భవనం చెబుతుంది.

ఇ) ఒక ఉదాహరణ: కోవెంట్ గార్డెన్

1670లో రెండవ చార్లెస్ ఇచ్చిన అనుమతి పత్రంతో ఇక్కడి కూరగాయలు, పండ్ల మార్కెట్‌కు చట్టబద్ధత లభించింది. 1974లో ఈ టోకు మార్కెట్‌ను నైన్ ఎల్మ్స్‌కు తరలించారు. పరిసర ప్రాంతాన్ని కూల్చి కొత్తగా కట్టాలన్న ప్రణాళికను స్థానికులు పోరాడి ఆపించారు. పాత మార్కెట్ భవనం 1980లో దుకాణ సముదాయంగా తెరుచుకుంది. ఇప్పుడు పర్యాటకులతో కళకళలాడుతోంది. కానీ తెల్లవారకముందే బుట్టలు మోసిన కూలీలకు, టోకు వర్తకులకు అక్కడ చోటు లేదు. కట్టడం మిగిలింది, దానికి ప్రాణం పోసిన వ్యాపారం వెళ్లిపోయింది.

ముఖ్యాంశం: గోడలను కాపాడినంత మాత్రాన మార్కెట్ నిలవదు. చిన్న వ్యాపారి భరించగలిగే ఖర్చుతో, భద్రమైన హక్కుతో అక్కడ కొనసాగినప్పుడే అది మార్కెట్‌గా నిలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అద్దె పద్ధతికి, లైసెన్సు పద్ధతికి గల తేడాలేమిటి?
2. కోవెంట్ గార్డెన్‌లో ఏది మిగిలింది, ఏది పోయింది? వివరించండి.