సంయుక్తాక్షరముల కూర్పును చూపుటలో జిఫ్ చిత్రము

‘స్త్రీ’ అను పదమును కంప్యూటరుపై కూర్చుటకు ఆరు సంకేతములు వలయును: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. ఉచ్చారణక్రమ మిదియే, యూనికోడు క్రమమును ఇదియే. తెరపై నిలుచు రూపము మాత్రము ఈ క్రమమును దాచివేయును. తుదిని కొట్టిన గుడిదీర్ఘము మొదటి హల్లైన సకారము తల కెక్కును. తకారరేఫములు వత్తులై క్రిందికి దిగును. పెక్కు ఫాంటులలో క్రావడి ఎడమకు జరుగుటచే, తకారమునకు ముందే రేఫమును కొట్టి ‘స్ర్తీ’ అని కూర్చినను కంటికి ఇంచుమించుగా అదే రూపము తోచును. ఇట్టి కూర్పులు నేటి తెలుగు విద్యుత్ప్రతులలో తరచుగా కానవచ్చును. శుద్ధరూపముతో వెదకు పరిశోధకునకు అవి దొరకవు. పదసూచిలో ఒకే పదము రెండుచోట్ల చేరును.

ఈ దోషమును అచ్చుబొమ్మతో బోధించుట కష్టము. తుదిరూపములు రెండును ఒక్కటిగానే యుండును గదా! భేదమంతయు నడుమ దశలయందే కలదు. మూడవ సంకేతము పడగానే ఒకచో ‘స్త’ అనియు, రెండవచో ‘స్ర’ అనియు తెర చూపును. ఆ దశలను పట్టి నిలుపుటకు జిఫ్ చిత్రము తగిన సాధనము.

దీనిని కంప్యుసర్వ్ సంస్థ 1987లో వెలువరించినది. 1989 నాటి సవరణలో ఒక్కొక్క చిత్రము తెరపై నిలుచు కాలమును సెకనులో నూరవవంతు మానముగా నిర్ణయించు వీలు కలిగెను. ఎడతెగక తిరుగు ఏర్పాటును 1995లో నెట్‌స్కేప్ చేర్చెను. నిర్మాత స్టీవ్ విల్‌హైట్ ‘జిఫ్’ అనియే పలుకవలెననెను; లోకములో పెక్కుమంది ‘గిఫ్’ అనుచున్నారు. వ్యవహారమునకును శాసనమునకును గల ఈ వివాదము మనకు క్రొత్తది కాదు.

ఒక్కొక్క చిత్రమునకు 256 రంగులకు మించి యుండవు. ఛాయాచిత్రమున కిది లోపమే. తెల్లని పుటపై నల్లని యక్షరములకు ఇది చాలును. సంక్షేపపద్ధతి నష్టరహితము గావున అక్షరముల అంచులు చెదరవు. మారిన భాగమును మాత్రమే నిలువజేయు వీలుండుటచే పరిమాణమును స్వల్పమగును.

స్క్రీన్‌టుగిఫ్, లైస్‌క్యాప్ అను ఉచితసాధనములలో దేనినైనను గ్రహింపవచ్చును. తెరనంతను గాక, అక్షరము కూర్చబడు చోటును మాత్రమే చట్రములో బంధింపవలెను. అక్షరమును పెద్దదిగా నుంచి, సంకేతమునకు సంకేతమునకు నడుమ ఒక సెకను ఆగవలెను. సెకనుకు పది చిత్రములు చాలును. కొట్టిన మీట తెరపై కనబడు ఏర్పాటు తప్పనిసరి. అది లేనిచో విద్యార్థికి ఫలము తెలియునే గాని కారణము తెలియదు. తుదిచిత్రమును రెండు మూడు సెకనులు నిలుపవలెను. లేనిచో ఆద్యంతములు కలిసిపోవును. శుద్ధక్రమమును, దుష్టక్రమమును వేరువేరు చిత్రములుగా చేసి ప్రక్కప్రక్కన నుంచుట మేలు.

చిత్రములోని యక్షరము బొమ్మయే గాని పాఠము కాదు. వెదకినచో దొరకదు, ధ్వనియు నుండదు. కావున ఆరు సంకేతములను వరుసగా చిత్రము క్రింద వ్రాసి యుంచవలెను.