ఈ-మెయిలుకు కవరు ఉందా?

మన ఇంటికి వచ్చే ఉత్తరానికి రెండు భాగాలుంటాయి. లోపల ఉత్తరం, పైన కవరు. తపాలా ఉద్యోగులు లోపలి ఉత్తరం చదవరు. కవరు మీద ఉన్న చిరునామానుబట్టి చేరవేస్తారు. ఆ చిరునామాలో మనిషి లేకపోతే, కవరు మీద పంపినవారి పేరు చూసి వారికే తిప్పి పంపుతారు. మరి ఈ-మెయిలుకు కూడా ఇటువంటి కవరు ఉందంటే మీరు నమ్ముతారా?

ఉంది. అది మన కంటికి కనబడదు, అంతే. ఒక మెయిల్ సర్వరు మరొక సర్వరుతో ఎలా మాట్లాడాలో తెలిపే నియమావళిని ఎస్‌ఎమ్‌టీపీ అంటారు. దీనిని 1982లో జోనథన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాశాడు. దీని ప్రకారం పంపే సర్వరు మొదట "పంపినవారు ఫలానా" అని చెబుతుంది. తరువాత "చేరవలసినవారు ఫలానా" అని చెబుతుంది. ఈ రెండూ కలిసి కవరు. ఆ పిమ్మట పంపేదంతా ఉత్తరం. మనం తెర మీద చూసే "ఫ్రం" అనే పంక్తి ఉత్తరంలోనిదే కాని కవరు మీదిది కాదు. ఈ రెండు చోట్లా ఒకే పేరు ఉండి తీరాలన్న నియమం లేదు.

ఇప్పుడు ఒక పాఠశాల తన సొంత మెయిల్ సర్వరును నడుపుతున్నదనుకుందాం. లోపల ఆ కంప్యూటరు పేరు "ల్యాబ్.లోకల్". డిస్కు నిండిపోతే అది ప్రధానోపాధ్యాయునికి తనంతట తానే హెచ్చరిక పంపుతుంది. పంపినవారి చిరునామా "రూట్@ల్యాబ్.లోకల్" అని ఉంటుంది. ఈ పేరు ఆ నాలుగు గోడల మధ్యనే చెల్లుతుంది. బయటి సర్వరు ఇంటర్నెట్టు పేర్ల పట్టిక అయిన డీఎన్‌ఎస్‌లో వెదికితే అటువంటి పేరే కనబడదు. చాలా సర్వర్లు అటువంటి మెయిలును తీసుకోవు. హెచ్చరిక చేరదు, డిస్కు నిండిపోతుంది.

అందుచేత సర్వరులో ఒక పట్టిక రాస్తారు. ఎడమవైపు లోపలి చిరునామా, కుడివైపు అందరికీ తెలిసిన అసలు చిరునామా. 1998లో వెలువడిన పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వరులో ఇటువంటి పట్టికలు రెండు రకాలు. "కెనానికల్" పట్టిక మెయిలు సర్వరులోకి రాగానే పేరు మారుస్తుంది. "జెనరిక్" పట్టిక మెయిలు బయటకు పోయేటప్పుడు మాత్రమే మారుస్తుంది. లోపలివారి మధ్య తిరిగే మెయిళ్లకు పాత పేరే ఉండాలంటే రెండవదే తగినది.

ఇక మరొక చిక్కు చూద్దాం. కవరు మీద ఎవరి పేరైనా రాయవచ్చు కదా! మోసగాళ్లు చేసేది అదే. దీనిని అరికట్టడానికి ఎస్‌పీఎఫ్ అనే పద్ధతి వచ్చింది. "మా పేరుతో ఈ యంత్రాలు మాత్రమే మెయిలు పంపవచ్చు" అని ప్రతి సంస్థా డీఎన్‌ఎస్‌లో ప్రకటించవచ్చు. అందుకొనే సర్వరు ఆ జాబితాతో సరిచూసుకుంటుంది.

క, ఖ, గ అనే మూడు సర్వర్లు ఉన్నాయనుకోండి. క లోని సుధ ఒక విద్యార్థికి ఉపకారవేతనం సంగతి తెలుపుతూ ఖ కు మెయిలు పంపింది. ఆ విద్యార్థి తన మెయిళ్లన్నీ గ కు మళ్లించమని ఖ కు చెప్పి ఉన్నాడు. ఖ అలాగే మళ్లించింది. కవరు మీద పేరు క ది, తలుపు తట్టినది ఖ. క ప్రకటించిన జాబితాలో ఖ లేదు. గ కు అనుమానం వచ్చి మెయిలును తిప్పికొట్టవచ్చు. మోసం లేకపోయినా విద్యార్థికి కబురు అందదు!

దీనికి విరుగుడు ఎస్‌ఆర్‌ఎస్. ఖ కవరు మీద తన పేరే రాస్తుంది. అయితే గ చేర్చలేక తిప్పి పంపితే సుధకు తెలిసేదెలా? అందుకే పాత చిరునామాను కొత్త దానిలోనే ఇముడుస్తుంది. అది ఈ విధంగా ఉంటుంది: ఎస్‌ఆర్‌ఎస్0=ముద్ర=కాలం=క=సుధ@ఖ. తిరిగి వచ్చిన మెయిలును ఖ దీనినిబట్టి సుధకు చేరుస్తుంది. ముద్ర అనేది ఖ కు మాత్రమే తెలిసిన రహస్య సంకేతంతో లెక్కగట్టినది. అది లేకపోతే ఎవరైనా ఇటువంటి చిరునామా కల్పించి, ఖ ద్వారా చెత్త మెయిళ్లు పంపగలరు. కాలం అనేది గడువు. కొన్ని రోజులు దాటితే ఆ చిరునామా చెల్లదు.

ఒక సంగతి గమనించండి. ఇక్కడ మారినది కవరు మాత్రమే. ఉత్తరంలో అక్షరం కూడా మారలేదు. కాబట్టి క ఉత్తరానికి వేసిన డీకిమ్ అనే సంతకం చెదరదు. అయితే కవరు సరిగా ఉన్నంత మాత్రాన లోపలి మాట నిజమని అనుకోరాదు. కవరు మీది ఖ పేరు ఎవరు మోసుకువచ్చారో చెబుతుంది. ఎవరు రాశారో చెప్పదు.

పెద్దల అనుమతితో జీమెయిలులో ఏదైనా ఒక మెయిలు తెరిచి, "షో ఒరిజినల్" అన్నది నొక్కి చూడండి. "రిటర్న్-పాత్" అన్న పంక్తిలో ఉన్నదే కవరు మీది చిరునామా. దానిని "ఫ్రం" పంక్తితో పోల్చండి. రెండూ ఒకటేనా? వేరైతే ఎందుకు వేరయ్యాయో ఆలోచించండి.