ప్రాచీన గ్రంథపాఠమునకు వెబ్‌సైటు: నిర్మాణమున పాటింపవలసిన నియమములు

ప్రాచ్య కళాశాలలు తమ తాళపత్ర సూచికలను, పరిష్కృత పాఠములను వెబ్‌సైటులలో ఉంచుటకు పూనుకొనినపుడు మొదట పుటల రంగులను, శీర్షిక చిత్రములను గూర్చి ఆలోచించుట పరిపాటి. గ్రంథపాఠము ఏ రూపమున నిక్షిప్తమగుచున్నది అను ప్రశ్న వెనుకబడుచున్నది. నిజమునకు అదియే మొదటి ప్రశ్న. పాఠము సరిగా నిక్షిప్తమైనచో పుట అందమును ఎప్పుడైనను మార్చుకొనవచ్చును. కానిచో పని యంతయు మరల చేయవలసి వచ్చును. దీనిని సోదాహరణముగ వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ వ్యాసకర్త 1998లో ఒక తాళపత్ర గ్రంథసూచికను డి.టి.పి. కేంద్రమున టైపు చేయించెను. పదేండ్ల తరువాత దానిని తెఱచి చూడగా తెలుగునకు బదులు అర్థరహితములైన రోమను అక్షరములు కనబడినవి. టైపు చేసిన ఫాంటు అప్పటికి లభింపలేదు. కాగితపు ప్రతి మిగిలియుండుటచే సూచిక మరల టైపు చేయబడినది. అదియు లేకున్న ఆ శ్రమ యంతయు నశించి యుండెడిది.

1. అక్షర నిక్షేపము

ఇందుకు కారణము స్పష్టము. ఆనాటి ఫాంటులు రోమను అక్షరముల స్థానములలో తెలుగు తలకట్టులను, కొమ్ములను, ఒత్తులను అమర్చినవి. కంప్యూటరు గుర్తుంచుకొన్నది రోమను అక్షరమునే. తెలుగు రూపము ఫాంటునకు మాత్రమే తెలియును. ఆ అమరికయు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరుగ నుండెను.

1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పు నుండియు తెలుగునకు 128 స్థానముల విభాగము కలదు. ఇందు వర్ణమునకు సంఖ్య, ఆకృతికి ఫాంటు అను విభజన పాటింపబడినది. ‘స్త్రీ’ అను అక్షరము స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అను ఆఱు సంకేతములుగ నిక్షిప్తమగును. ఫాంటు మారినను ఈ ఆఱును మారవు.

కావున పాఠమును యూనికోడుననే ఉంచవలెను. పాత ఫైళ్లను ఆయా ఫాంటునకు తగిన పరివర్తకముతో మార్చి, మూలముతో అక్షరాక్షరము సరిచూడవలెను. ఒత్తులు, అరసున్నలు ఈ దశలోనే జారిపోవును. దంత్య చ, జలకు ప్రత్యేక చిహ్నములు (ౘ, ౙ) 2008లో వెలువడిన 5.1 కూర్పున చేరినవి. ఇవి లేని ఫాంటున్న ఫోనులో ఖాళీ గడులు కనబడును గనుక తగిన ఫాంటును పుటతోపాటే పంపునట్లు ఏర్పాటు చేయవలెను.

తాళపత్రముల ఛాయాచిత్రములు ప్రమాణమునకు అవసరములే. కాని చిత్రమున పదమును వెదకుట సాధ్యము కాదు. కావున పత్రచిత్రమును, టైపు చేసిన పాఠమును ప్రక్కప్రక్కన ఉంచుట ఉత్తమము.

2. శోధన

పరిశోధకునకు వెబ్‌సైటు వలన కలుగు ముఖ్య ప్రయోజనము పదశోధనము. మన లేఖన సంప్రదాయము ఇచట కొన్ని చిక్కులు తెచ్చును. ‘వాఁడు’ అని మూలమున నుండగా పాఠకుడు ‘వాడు’ అని వెదకును. ‘పఙ్కజము’, ‘పంకజము’ ఒకే పదము. వ్రాతప్రతులలో ‘ధర్మ్మము’ అనియు కానవచ్చును. మూలపాఠమును మార్పక, శోధనకు మాత్రము ఈ భేదములను తొలగించిన వేఱొక సూచికను సిద్ధము చేయవలెను. పాఠపరిష్కర్త చేసిన నిర్ణయము పుటలో అట్లే నిలుచును. వెదకువారికిని ఫలితము దక్కును.

కంటికి కనబడని భేదములు మఱికొన్ని కలవు. ఐత్వమును యూనికోడున ఒకే సంకేతముగను, ఎత్వముతో కూడిన రెండు సంకేతములుగను వ్రాయ వీలున్నది. చూపునకు రెండును ఒకటే, యంత్రమునకు వేఱు. పొల్లును నిలుపుటకు ‘వెబ్‌సైటు’ వంటి పదములలో వాడు అదృశ్య చిహ్నమును ఇట్టిదే. నిక్షేపించునపుడే ఐత్వమును ఏకరూపమునకు తెచ్చి, శోధనలో అదృశ్య చిహ్నమును విస్మరింపజేయవలెను.

అకారాది క్రమమును యంత్రమునకు విడువరాదు. యూనికోడు సంఖ్యాక్రమమున ‘ఱ’ రేఫమునకు, ‘ళ’ లకారమునకు వెంటనే వచ్చును. మన వర్ణమాలలో అవి హకారమునకు పిమ్మట వచ్చును. ఏ క్రమము కావలెనో పండితుడు నిర్ణయించి నిర్మాతకు వ్రాసి యీయవలెను.

3. పుట విన్యాసము

తెలుగు అక్షరమునకు పైన గుడులు, క్రింద ఒత్తులు ఉండుటచే రోమను లిపికి చాలిన పంక్తి ఎడము మనకు చాలదు. అక్షర పరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు తగ్గని ఎడము మేలు. 2008 నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకముల రెండవ కూర్పు సామాన్య పాఠమునకు, దాని వెనుక రంగునకు కనీసము 4.5:1 కాంతి వ్యత్యాసమును విధించినది. లేత పసుపుపై బంగారు రంగు అక్షరములు శోభించినను చదువుటకు తగవు. పద్యపాదములు చిన్న తెఱపై విఱిగినపుడు, విఱిగిన భాగము కొంత లోనికి జరిగి కనబడునట్లు చేసినచో పాదవిభాగము చెడదు. తెలుగు లిపిలోని సంస్కృత శ్లోకమును కోడునందు సంస్కృతముగనే గుర్తింపవలెను. చదివి వినిపించు సాధనములకు ఇది అవసరము.

4. శాశ్వత చిరునామా

ప్రతి గ్రంథమునకు, వీలైనచో ప్రతి పద్యమునకు, వేర్వేఱు చిరునామా ఉండవలెను. వెబ్ స్రష్ట టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే మంచి చిరునామాలు మారరాదని ఒక వ్యాసమున ఉపదేశించెను. సిద్ధాంత గ్రంథమున ఉదాహరించిన లింకు వెబ్‌సైటు నవీకరణముతో పనిచేయకున్న ఆ ప్రమాణమే పోవును. పాఠమును సవరించినపుడు తేదీని, సవరణను పుటలోనే తెలుపుట పరిశోధన ధర్మము.

చివరగా, పాఠమును సామాన్యమైన టెక్స్టు ఫైలుగ కూడ పాఠకులకు ఇచ్చుటకు సంకోచింపరాదు. తాళపత్రములు శిథిలమైనను గ్రంథములు నిలిచినది లేఖకులు తరతరములుగ ప్రతులు వ్రాసినందున. వెబ్‌సైటు మూతపడిన నాడు గ్రంథమును కాపాడునదియు పలుచోట్ల నున్న ప్రతులే. ఏ యంత్రమునైనను చదువగల రూపమున పాఠమును ఉంచిన నిర్మాతయే ఆ లేఖకుల పని కొనసాగించినవాడగును.