ఫేస్‌లిఫ్ట్ సర్జరీ: ఆపరేషన్ ఒక పూట, కోలుకోవడం నెలలు

చెంపలు జారిపోయాయనో, గదమ కింద చర్మం వేలాడుతోందనో ఫేస్‌లిఫ్ట్ గురించి అడిగేవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉన్నారు. యాభై దాటిన ఆడవాళ్లే కాదు, మగవాళ్లు కూడా. పిల్లల షాదీ దగ్గరపడినప్పుడో, గల్ఫ్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చినప్పుడో ఈ ఆలోచన గట్టిపడుతుంది. పది రోజుల్లో అంతా మామూలైపోతుందన్న మాట నమ్మి తేదీ ఖాయం చేసుకుంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

అసలు ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారు? చెవి ముందు నుంచి మొదలుపెట్టి, తమ్మె కింద తిప్పి, చెవి వెనక జుట్టులోకి కోత పెడతారు. చర్మాన్ని లేపి, దాని కింద ఉండే గట్టి పొరను పైకి లాగి కుడతారు. మిగిలిన చర్మాన్ని కత్తిరించి కోతను మూస్తారు. ఆ లోపలి పొరను డాక్టర్లు 'స్మాస్' అంటారు. 1976లో ఇద్దరు ఫ్రెంచ్ వైద్యులు దీన్ని వివరించారు. అంతకుముందు చాలాకాలం పైచర్మాన్ని మాత్రమే లాగి కుట్టేవారు. అది తొందరగా మళ్లీ సాగిపోయేది, ముఖం కూడా బిగదీసినట్టు కనిపించేది. ఇప్పుడు మెడతో కలిపి చేస్తే ఆపరేషన్‌కు నాలుగైదు గంటలు పట్టవచ్చు. సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు.

దీనివల్ల బాగుపడేది ముఖం కింది భాగం, దవడ అంచు, మెడ. నుదుటి గీతలు, కళ్ల కింద నలుపు, మంగు మచ్చలు, పెదవుల చుట్టూ సన్నని ముడతలు దీనితో పోవు. ఫలితం ఏడు నుంచి పదేళ్లు ఉంటుందని సర్జన్లు చెబుతారు. వయసు మాత్రం ఆగదు కదా.

ఇక ప్రమాదాల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చర్మం కింద రక్తం గడ్డకట్టి నిలిచిపోవడం. దీనికి హెమటోమా అని పేరు. ఎక్కువ కేసుల్లో మొదటి 24 గంటల్లోనే వస్తుంది. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే అయినా చాలు: రెండు వైపులా సమానంగా వాపు ఉండటం మామూలే, కానీ ఒకవైపు మాత్రమే గబగబా ఉబ్బి, బిగుసుకుపోయి, నొప్పి పెరుగుతోందంటే తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే పైనున్న చర్మానికి రక్తం అందక అది చచ్చిపోవచ్చు. బీపీ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మగవాళ్లకూ ఎక్కువే, ఎందుకంటే గడ్డం పెరిగే చర్మానికి రక్తప్రసరణ ఎక్కువ.

సిగరెట్, బీడీ, హుక్కా, గుట్కా అలవాటున్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగిస్తుంది, కోత మానదు. ముందు వెనక కొన్ని వారాలు పూర్తిగా మానకపోతే చాలామంది సర్జన్లు ఆపరేషన్‌కే ఒప్పుకోరు. షుగర్ అదుపులో లేనివాళ్లకు గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. చెవులు కుట్టించుకున్న చోట ఎప్పుడైనా లావుగా కండ పెరిగి ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పాలి. కోత మచ్చ కూడా అలాగే ఉబ్బే అవకాశం ఉంది.

చెవి దగ్గర, చెంప మీద తిమ్మిరి కొన్ని నెలలు ఉండటం మామూలే. ముఖాన్ని కదిలించే నరం దెబ్బతింటే నవ్వినప్పుడు మూతి ఒక పక్కకు పోవచ్చు. చాలావరకు తిరిగి సర్దుకుంటుంది. శాశ్వతంగా ఉండిపోవడం అరుదు, కానీ అసలు ఉండదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు.

రక్తాన్ని పలచన చేసే ఆస్పిరిన్, విటమిన్ ఇ, చేపనూనె గుళికలు, హకీమ్ ఇచ్చిన మందులు, అన్నీ ముందే చెప్పేయాలి. అయితే గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకూడదు. గుండె డాక్టర్‌ను అడిగే ఏదైనా చేయాలి.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు తల చుట్టూ కట్టు ఉంటుంది, కొందరికి రక్తం బయటికి పోవడానికి సన్నని గొట్టాలు పెడతారు. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. మొదటి వారం అద్దం చూసుకుంటే ఏడుపొస్తుంది, ముఖం నీలంగా, గుండ్రంగా ఉంటుంది. కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు. రెండు మూడు వారాలకు నలుగురిలోకి వెళ్లగలుగుతారు. మిగతా వాపు నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. కమ్మలు, జుట్టుకు రంగు, స్కార్ఫ్ పిన్నులు కోత పూర్తిగా మానేదాకా వద్దు. బిగుతుగా కట్టిన హిజాబ్ చెవి వెనక కుట్లను రాస్తుంది, అందుకే వదులుగా ఉండే మెత్తని దుపట్టా మేలు.

తల కిందికి వంచితే ముఖానికి రక్తం ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మొదటి వారాల్లో డాక్టర్లు వంగొద్దంటారు. అంటే సజ్దా కూడా కష్టమే. రోగి కూర్చుని ఇషారాతో నమాజు చేయవచ్చన్నది మనకు తెలిసిందే. వుజూలో కట్టు మీద మసహ్ ఎలా చేయాలో ముందే ఇమామ్ గారిని అడిగి పెట్టుకోండి. మందులు టైముకు వేసుకోవాలి కనుక రమజాన్ దగ్గర పెట్టుకోకపోవడమే మంచిది.

జాయెజా, కాదా అన్న ప్రశ్న కూడా ఇంట్లో వస్తుంది. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయలో చేసిన తీర్మానం ప్రకారం కాలిన గాయాలు, ప్రమాదాల వల్ల వచ్చిన లోపాలను సరిచేయించుకోవచ్చు. వయసు ముడతలు తీయించుకోవడాన్ని మాత్రం, అది జబ్బు వల్ల వచ్చిన స్థితి అయితే తప్ప, అనుమతించలేదు. మీ పరిస్థితి చెప్పి ముఫ్తీ గారి సలహా తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా దాదాపు ఇదే గీత గీస్తాయి: ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీకి కవర్ ఉంటుంది, అందం కోసం చేయించుకుంటే డబ్బు మొత్తం మన జేబులోంచే.

సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా, మత్తు డాక్టర్ ఎవరు, రాత్రి రక్తం గడ్డకడితే అదే ఆసుపత్రిలో మళ్లీ థియేటర్ తెరుస్తారా, ఆ ఖర్చు ఎవరిది అని అడిగి కాగితం మీద రాయించుకోండి. బ్యూటీ క్లినిక్‌లో ఈ జవాబులు దొరక్కపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే. గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చేవాళ్లు మొదటి వారంలోనే చేయించుకోవాలి, విమానం ఎక్కే తేదీ సర్జన్‌తోనే ఖాయం చేసుకోవాలి. ఇంట్లో షాదీ ఉంటే కనీసం మూడు నెలల ముందు, లేదంటే వలీమా అయ్యాకే.