ఎడమకు తిరగని బండ్లు

పోస్టుమాన్ ఉత్తరాలు పంచడానికి బయలుదేరే ముందు ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? వాటిని వీధుల వారీగా, ఇళ్ల వరుస ప్రకారం పేర్చుకుంటాడు. అలా చేయకపోతే ఒకే వీధికి నాలుగుసార్లు తిరగవలసి వస్తుంది; కాళ్లు పీకుతాయి. కాళ్లకు బదులు డీజిల్ బండి అయితే? వృథా అయ్యేది ఇంధనం, పాడయ్యేది గాలి.

అమెరికాలో యూపీఎస్ అనే కంపెనీ ఉంది. 1907లో సియాటిల్ నగరంలో మొదలైన ఈ సంస్థ ఇంటింటికీ పార్సెళ్లు చేరుస్తుంది. ఒక్కో డ్రైవరు రోజుకు సుమారు 120 చోట్ల ఆగాలి. ముందు ఎక్కడికి? తర్వాత ఎక్కడికి?

చిన్న లెక్క వేద్దాం. మూడు ఇళ్లకు వెళ్లడానికి 3 × 2 × 1 = 6 వరుసలున్నాయి. 5 ఇళ్లకు 120. 10 ఇళ్లకు 36,28,800! మరి 120 ఇళ్లకు? ఆ సంఖ్యలో 199 అంకెలుంటాయి. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించలేవు. అందుచేత గణితజ్ఞులు పనికిరాని దారులను ముందే వదిలేసి, మంచి దారిని త్వరగా పట్టుకునే పద్ధతులు కనిపెట్టారు.

ఇటువంటి పద్ధతితోనే యూపీఎస్ 'ఒరయన్' అనే కంప్యూటర్ ఏర్పాటును తయారుచేసుకుంది. దానికి ముడిసరుకు సమాచారం. బండి ఎక్కడున్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ, ఇంజను ఎంతసేపు ఊరికే తిరిగిందీ బండిలోని పరికరాలు నమోదు చేస్తాయి.

ఇందులో ఒక వింత ఉంది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఎడమకు తిరగాలంటే ఎదురుగా వచ్చే బండ్లు పోయేదాకా ఆగాలి. ఆగినంతసేపూ ఇంజను ఇంధనం తాగుతూనే ఉంటుంది. ప్రమాదభయం కూడా ఎక్కువ. అందుకని దారి కొంచెం పెరిగినా, యూపీఎస్ బండ్లు సాధ్యమైనంతవరకు కుడికే తిరుగుతాయి. మన దేశంలో అయితే ఈ చిక్కు కుడి మలుపుకు వస్తుంది. ఎందుకో మీరే చెప్పగలరు!

2016 నాటికి అమెరికాలో సుమారు 55,000 డ్రైవర్ల దారులను ఒరయన్ కిందికి తెచ్చారు. దీనివల్ల ఏటా కోటి గాలన్ల ఇంధనం, అంటే సుమారు 3 కోట్ల 78 లక్షల లీటర్లు, ఆదా అవుతుందని కంపెనీ లెక్క.

లీటరు డీజిల్ బరువు కిలోకన్నా తక్కువ. అయినా అది మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ అదనపు బరువు ఎక్కడిది? గాలిలోని ఆక్సిజన్‌ది. 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాముల వాయువవుతుంది. ఇప్పుడు పై లీటర్లను 2.7తో గుణించండి. ఏటా సుమారు లక్ష టన్నుల వాయువు గాలిలో చేరకుండా ఆగినట్లు తేలుతుంది.

అయితే ఇంతటితో సరిపోతుందా? 2050 నాటికి గాలిలోకి వదిలే కార్బన్‌కూ, తొలగించే కార్బన్‌కూ సరిసమానం చేస్తామని యూపీఎస్ 2021లో ప్రకటించింది. దారులు ఎంత కుదించినా, పార్సెళ్లు పెరిగిపోతే మొత్తం పొగ పెరగవచ్చు. కనుక డీజిల్ బదులు విద్యుత్తు వంటి ఇతర శక్తులు కూడా కావాలి. "ఇంత ఆదా చేశాం" అన్న మాట వినగానే మెచ్చుకోవడం మంచిదే. కాని "మొత్తం ఎంత వదిలారు?" అని కూడా అడగాలి. లక్ష్యం చేరామో లేదో చెప్పేది ప్రకటన కాదు; ఏటేటా నిజాయితీగా వేసిన లెక్క.

మీరూ ప్రయత్నించండి. ఇంటి నుంచి బయలుదేరి పాలకేంద్రం, కిరాణా కొట్టు, గ్రంథాలయం, మందుల షాపు చూసుకుని తిరిగి రావాలి. వరుసలు 24. అన్నిటికన్నా దగ్గర దారి ఏది? పటం గీసి, దూరాలు కూడి చూడండి.