క్వాంటం సిద్ధాంతం – అతీంద్రియ శక్తులు

మా కౌతాళం ప్రాంతంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు వెళ్లే రైతు సోదె చెప్పించుకుంటే నవ్వే విద్యావంతులే, "మనోశక్తిని క్వాంటం సిద్ధాంతం రుజువు చేసింది" అంటే తలూపడం చూస్తున్నాను.

వారి వాదనకు ఆధారం జంటకణాలు. ఎంత దూరాన ఉన్నా వాటిమీద చేసిన కొలతల మధ్య పొంతన ఉంటుంది. 1964లో జాన్ బెల్ సూచించిన పరీక్షకు 1982లో ఆస్పే బృందం గట్టి ప్రయోగరూపం ఇచ్చింది. ఈ కృషికి 2022లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే, ఏ చివరన చూసినా కొలతలు యాదృచ్ఛికాలే. రెండు పట్టికలనూ ఒకచోటికి తెచ్చి పోల్చితేగాని పొంతన కనపడదు. కనుక ఆ దారిన ఒక్క కబురైనా పంపలేం. కబురే పోని దారిన ఒకరి మనసులోని మాట మరొకరికి ఎలా చేరుతుంది?

పరిశోధనే వద్దని నేననను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావు 1960లలోనే పరామనోవిజ్ఞానానికి శాఖ నెలకొల్పారు. కాని ఎవరు పరీక్షించినా నిలిచే రుజువు నేటికీ లేదు. ముందు సంఘటన రుజువు కావాలి. వివరణ ఆ తర్వాతి మాట.

రచయిత క్వాంటంను ఉపమానంగా వాడుకోవచ్చు. ఉపమానాన్నే రుజువుగా చూపితే మాత్రం నేరం. సోదెమ్మ అడిగేది చేటెడు జొన్నలే. మనం పాఠకుని వివేకాన్నే అడుగుతున్నాం.